తప్పంతా మొగులుదే

సిద్దిరాములు చేతిలో గడ్డి చస్తే ఆ నేరం ఎప్పుడూ ఆకాశానిదే. మా మేడ్చల్ వైపు మబ్బునూ ఆకాశాన్నీ కలిపి మొగులు అంటారు. ఆ మొగులు మీద సిద్దిరాములు మోపినన్ని కేసులు ఏ పోలీసు స్టేషన్లోనూ ఒకే ముద్దాయి మీద ఉండవు. ఎనిమిదేళ్లు అతన్ని దగ్గర నుంచి చూశాను. "నాది తప్పయింది" అన్న మాట అతని నోట వినలేదు.

అతని వ్యాపారం లాన్లు వేయడం, వేసినవాటిని కాపాడడం. పంతొమ్మిది వందల తొంభై ఆరులో అత్వెల్లి దగ్గర రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి బోర్డు పెట్టాడు. అప్పుడప్పుడే శామీర్‌పేట చెరువు చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లు లేస్తున్నాయి. వరి పండే భూమిలో కొరియా గడ్డి పరిపించుకుంటున్నారని విని ఊళ్లో రైతులు గుండెలు బాదుకున్నారు. "బర్రె తినని గడ్డికి బోరు నీళ్లు పెడుతున్నరా?" అని ఒక ముసలాయన నన్ను పట్టుకుని మూడుసార్లు అడిగాడు. నేను అవునన్న మూడుసార్లూ ఆయన నమ్మలేదు.

సిద్దిరాములు దగ్గర ఇద్దరే పనివాళ్లు. తుంగ పీకడానికి, ఎరువు చల్లడానికి ఈదమ్మ. గడ్డి కోసే మెషీన్ నెట్టడానికి బాలనర్సయ్య. షెడ్డు పక్కనే చాయ్ హోటల్. పొద్దున పేపరు పట్టుకుని నేనక్కడ కూర్చోగానే సిద్దిరాములు వచ్చేవాడు.

"సార్, అల్పపీడనం యాడున్నది?"

"అండమాన్ దగ్గర."

"మస్తు దూరమున్నది. అయినా నడుస్తది."

ఏం నడుస్తుందో నాకు మొదట్లో అంతుబట్టలేదు. మిగతా జనం వాన వస్తుందా రాదా అని వాతావరణం కాలమ్ చదివేవాళ్లు. ఇతను ఆ రోజు చెప్పాల్సిన సాకు కోసం చదివించుకునేవాడు. ఆ సంగతి నాకు చలపతిరావు గారి ఇంట్లో తెలిసింది.

చలపతిరావు గారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరై శామీర్‌పేటలో ఇల్లు కట్టుకున్నారు. కొలవకుండా మంచినీళ్లు కూడా తాగని మనిషి. ఒక మే నెలలో నేను వెళ్లేసరికి ఆయన లాన్ నిండా దోశల్లాగా గుండ్రటి పసుపు మచ్చలు. పక్కనే సిద్దిరాములు చేతులు కట్టుకుని ఉన్నాడు.

"ఏమిటయ్యా ఈ మచ్చలు?"

"మంచు సార్."

"మే నెలలో మంచా!"

"తెల్లారగట్ల పడ్డది సార్. మీరు లేచేటాళ్లకు పోయింది."

నేను నిర్ఘాంతపోయాను. నలభై మూడు డిగ్రీల ఎండలో నిలబడి, చెమట కారుతుండగా, కళ్లార్పకుండా ఒక మనిషి మంచు పడిందంటున్నాడు. చలపతిరావు గారు మర్నాడే నగరానికి వెళ్లి వాన కొలిచే గాజు గొట్టం, వేడి కొలిచే మీటరు కొని తెచ్చి లాన్ మధ్యలో పాతించారు. ఇక తప్పించుకోలేడనుకున్నాం. వారం తర్వాత ఒక మూల గడ్డి కుళ్లింది.

"ఎక్కువ వాన పడ్డది సార్," అన్నాడు సిద్దిరాములు.

"గొట్టంలో చుక్క లేదయ్యా!"

"గొట్టం ఈడున్నది. వాన గా మూలకు పడ్డది."

ఆయన తెల్లబోయి నా వైపు చూశారు. నేను చెట్ల వైపు చూశాను. ఎందుకంటే మా దగ్గర వాన అలాగే పడుతుంది. దేవరయాంజాల్‌లో గొడుగు పట్టుకున్నవాడు శామీర్‌పేట చేరేసరికి చెమట తుడుచుకుంటాడు. అబద్ధమని గట్టిగా అనడానికి మా ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

గడ్డి కోసిన చారలు తిన్నగా లేకపోతే అది గాలి పని. "మెషీన్ సీదానే పోయింది సార్, గడ్డే గాలికి జరిగింది." గులాబీ మొక్కలు మొదలంటా తెగి పడుంటే అది ఉరుము పని. పిడుగంటే కొంత నమ్మేవాళ్లం. ఉరిమితే గులాబీలు తెగుతాయని అతను చెప్పాక నేను కూడా ఉరిమినప్పుడల్లా పెరట్లోకి తొంగి చూడడం మొదలుపెట్టాను. ఒక ఆగస్టులో వాన ఎగ్గొట్టి, అక్టోబరులో వారం రోజులు కుండపోతగా కురిసింది. అతనికి ఆ ఏడాది పండగే. అటు ఎండకీ ఇటు వానకీ కలిపి పదకొండు లాన్ల తప్పులు అంటగట్టాడు.

"నీ తప్పేమీ ఉండదా సిద్దిరాములూ?" అని ఒకసారి అడిగేశాను.

"నాదేముంటది సార్? మొగులు కింద బతికేటోన్ని."

రెండువేల నాలుగులో శామీర్‌పేట జనార్ధన్ అతన్ని పిలిపించాడు, నేనూ వెంట వెళ్లాను. జనార్ధన్‌ది భూమి ఉన్న కుటుంబం, ప్లాట్లు అమ్మే వ్యాపారం, మండలంలో నలుగురూ మాట వినే మనిషి. కూతురు ప్రణీత నిశ్చితార్థం తన ఫామ్‌హౌస్ లాన్‌లోనే చేయాలనుకున్నాడు. గట్టి మనిషే, కానీ ఆ రోజు చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పాడు. కారణం ఊరంతటికీ తెలుసు. అంతకు ముందు ఏడాది ప్రణీతకి ఒక సంబంధం కుదిరింది. తాంబూలాలు మార్చుకునే వేళకు గాలిదుమారం లేచి టెంటు కూలింది. పెళ్లికొడుకు వైపు పెద్దమనిషి "మొగులే వద్దంటాంది" అని లేచాడు. అతని వెంట అందరూ లేచారు. అప్పటి నుంచి చుట్టాల్లో ఆడవాళ్లు ఆ పిల్ల పీటల మీద కూర్చుంటే మబ్బు పడుతుందని చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు. బి.ఎడ్. చదువుతున్న పిల్ల. ఈ మాట వినీ వినీ నవ్వడం తగ్గించింది.

"సిద్దిరాములూ, ఇంకోసారి గట్లయితే నా బిడ్డకు ఇగ సంబంధం రాదు," అన్నాడు జనార్ధన్.

"ఫికర్ చెయ్యకు పటేలా. గడ్డి నాది."

మొగులు గురించి అతను ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు వింతగా తోచింది.

నెల రోజుల్లో లాన్ లేచింది. రోడ్డు మీద నుంచి చూస్తే పచ్చ తివాచీ పరిచినట్టుంది. కాకపోతే కారు దారి కన్నా జానెడు లోతుగా వేశాడు. "గిట్లయితే తేమ నిలుస్తది సార్," అన్నాడు. నాకేం తెలుసు, నిజమే కాబోలనుకున్నాను.

ఏప్రిల్ నెల. తూప్రాన్ నుంచి పెళ్లివారు మధ్యాహ్నం పన్నెండుకి రావాలి. నేను ఉదయమే చేరాను. పదింటి దాకా ఆకాశం అద్దంలా ఉంది. పదీ పదికి చెరువు వైపు నుంచి నల్లగా ఒకటి లేచింది. పదీ పావుకి నెత్తి మీద వడగళ్లు. నిమ్మకాయంతవి! మేమంతా వరండాలోకి పరుగెత్తాం. ఇరవై నిమిషాలు. తర్వాత ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది. అరగంటలో రోడ్డు ఆరింది, వడగళ్లు కరిగాయి. లాన్ మాత్రం నాటుకు సిద్ధమైన వరి మడిలా పాదం మునిగేంత నీళ్లతో నిలబడింది. క్రోటన్ ఆకులన్నీ జల్లెడలయ్యాయి. జనార్ధన్ కారు అద్దం పగిలింది. ఇంట్లో ఏడుపు మొదలైంది. మేడ్చల్‌కి ఫోన్ చేస్తే అక్కడ చుక్క పడలేదట.

"పెండ్లోళ్లు వచ్చి సూస్తె ఇంకేమున్నది," అని జనార్ధన్ వరండా మెట్ల మీద కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే గేటులోకి మూడు సుమోలు వచ్చాయి. మొదటి దాంట్లోంచి పెళ్లికొడుకు మేనత్త యమునమ్మ దిగింది. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదని విన్నాం. రెండడుగులు వేసి లాన్‌లో కాలు పెట్టింది. చెప్పు లోపలే ఉండిపోయి కాలు మాత్రం పైకి వచ్చింది.

"ఏందిది? వాన పడ్డదా గీడ?"

ఆమె చుట్టూ చూసింది. నీళ్ల మధ్యలో పార పట్టుకుని ఒక్క సిద్దిరాములే ఉన్నాడు. ఎనిమిదేళ్లుగా మంచునీ ఉరుమునీ అండమాన్నీ ఇరికించిన మనిషి. ఇవాళ మొగులు నిజంగానే అడ్డంగా దొరికిపోయింది. ఇలాంటి అవకాశం అతను వదులుకుంటాడా? నేను కళ్లు మూసుకున్నాను.

"వానెక్కడిదమ్మా! వాల్వు బంద్ చేసుడు మర్చిపోయిన. తెల్లారినుంచి నీళ్లు వారినయ్. తప్పు నాదే."

కళ్లు తెరిచాను. మాట్లాడింది సిద్దిరాములే. బాలనర్సయ్య చేతిలో చీపురు కిందపడింది. ఈదమ్మ పరుగున వెళ్లి అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఓ సిద్దన్నా, ఎండ దెబ్బ తాకిందా ఏంది?"

"నువ్వు జరుగవే."

యమునమ్మ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "మరి గా ఆకులకు గన్ని తూట్లేంది?"

"నేనే కొట్టించినమ్మా. డిజైన్ అనుకున్న. మంచిగ రాలె."

"గా కారు అద్దం?"

"రోలర్ గుంజుతుంటె తాకిచ్చిన. అది గూడ నాదే తప్పు."

ఒక్క అబద్ధానికీ తడుముకోలేదు. జనార్ధన్ మెల్లగా తేరుకున్నాడు. పరిస్థితి అర్థమయ్యాక లేచి నిలబడి గొంతు చించుకుని తిట్టాడు. "నీ అసుంటోన్ని నేను జన్మల సూడలేదురా!" అన్నాడు. అది తిట్టులాగా వినిపించింది గానీ కళ్లలో నీళ్లున్నాయి. పెళ్లివారు చూసి నిజంగా కోపమనే అనుకున్నారు. అంతా విన్న వంట మాస్టరు కూడా అవకాశం పోనివ్వలేదు. పప్పులో ఉప్పెక్కువైందని ఎవరో అనగానే, "గా లాన్ సిద్దిరాములు ముచ్చట్లు పెట్టి నన్ను ఆగం చేసిండు," అన్నాడు. సిద్దిరాములు తల వంచుకుని, "అవునమ్మా, నేనే," అన్నాడు.

"పనోళ్లు గిట్లుంటె పాపం గీళ్లేం చేస్తరు," అని యమునమ్మ జనార్ధన్ భార్యని ఓదార్చింది. పీటలు హాల్లోకి మారాయి. ఒంటి గంటకు తాంబూలాలు మార్చుకున్నారు. వరండాలో నుంచి చూస్తే ప్రణీత నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కనిపించింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక వైపు వెళ్లాను. ముగ్గురూ కాలువ తీసి నీళ్లు మళ్లిస్తున్నారు.

"ఎనిమిదేళ్లలో ఒక్క తప్పూ ఒప్పుకోనివాడివి, ఇవాళ పప్పులో ఉప్పు కూడా ఒప్పుకున్నావేమిటయ్యా?"

సిద్దిరాములు ఇంకో పార మట్టి ఎత్తిపోశాడు. ఈదమ్మే నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది.

"ఆయన తప్పెన్నడు జేసిండు సారూ, ఒప్పుకోనీకి? చలపతిరావు సారు ఇంట్ల యూరియా దోసిళ్లకు దోసిళ్లు ఒక్కతాన గుమ్మరిచ్చింది నేను. గుండ్రంగ మాడింది. మంచు పడ్డదని ఈయన చెప్పిండు."

"మరి ఆ వంకర చారలు, గులాబీలు?"

"నాకు కండ్లు సరిగ అవుపడయి సార్," అన్నాడు బాలనర్సయ్య. "నాలుగేండ్లయింది. తెలిస్తె పనికి ఎవరు పెట్టుకుంటరు?"

సిద్దిరాములు మీద నేను నవ్వుకుంటూ చెప్పిన కథలన్నీ వరసగా గుర్తొచ్చి తల దించుకున్నాను. అతను మాత్రం పార గట్టున గుచ్చి విసుక్కున్నాడు.

"ఇండ్ల పెద్ద ముచ్చటేమున్నది సార్? మొగులును ఎవలన్న పనిలకెళ్లి తీసేస్తరా? తిట్టినా దానికి ఇనపడది. అందుకే దాని మీద పెడుత. ఇయ్యాల దాని పేరు చెప్తె పిల్ల మీదికి పోతుండె. ఇగ ఎవలో ఒకలు మొగులు కావాలె గద."

"లాన్ లోతుగా వేసింది మాత్రం ఎవరు?"

"అది..." అని ఆగి, దూరంగా ఆకాశం వైపు చూశాడు. "అది నేనే సార్. నిజంగనే నేనే."

మూడో రోజు పొద్దున చాయ్ హోటల్ ముందు సుమో ఆగింది. యమునమ్మ దిగుతుంటే సిద్దిరాములు గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. వాన సంగతి బయటపడిందనే మేమిద్దరం అనుకున్నాం. నిశ్చితార్థం అయ్యాక కూడా మాట తప్పే ఇళ్లు నేను చూశాను.

ఆమె అతన్ని పైనుంచి కింది దాకా చూసింది.

"తూప్రాన్ల మా కొత్తింటి ముంగట లాన్ వెయ్యాలె. ఆరుగురొచ్చి అడిగిన్రు. ఒక్కన్ని గూడ నమ్మలె. అంత మంది ముందట నాది తప్పని ఒప్పుకున్న మొగోన్ని నిన్నొక్కన్నే సూసిన. మాకు గసుంటి నిజాయితీ మనిషే కావాలె. సోమారం రా."

సుమో వెళ్లిపోయింది. సిద్దిరాములు బల్ల మీద కూర్చున్నాడు. చాయ్ చల్లారింది. నా వైపు తిరిగాడు. అంత భయం అతని ముఖంలో వడగళ్ల రోజు కూడా చూడలేదు.

"సార్, గీ నిజాయితీ ఎన్ని దినాలు నడిపియ్యాలె?"