లైటుకు పెట్టిన బొట్టు

నా ఫోను ఎప్పుడూ సైలెంట్‌లోనే ఉంటుంది. మెసేజో, కాలో వచ్చినప్పుడల్లా రాత్రిళ్లు నిద్రపోనివ్వకుండా దాని నెత్తిన కొట్టుకునే పచ్చలైటు చూస్తే ఒళ్లుమండి, ఓ బొట్టుబిళ్ల అంటించాను.

ఆ వారమే గుడివాడలో మావారితో మోపిదేవి బస్సెక్కాను. నేను ముందు, ఆయన వెనక కూర్చున్నాం. మోపిదేవిలో అందరూ దిగారు, ఆయన దిగలేదు. కంగారుగా ఫోను తీస్తే, నల్లటి అద్దంలో నా నుదుట బొట్టు లేదు. ఫోను మీది బిళ్ల ఊడదీసి పెట్టుకోబోతే, దానికింద లైటు కొట్టుకుంటోంది. తెరిస్తే వరసగా ఆయన కాల్సే.

వెంటనే ఫోన్ చేసి, "ఎక్కడున్నారండీ?" అన్నాను.

"పామర్రులో. నీళ్లసీసా కోసం దిగితే బస్సు వెళ్లిపోయింది. ఆపిస్తావని చేస్తూనే ఉన్నాను."

ఆ లైటు ఇప్పటికీ నన్ను పడుకోనివ్వదు. బొట్టుబిళ్ల మాత్రం ఇంట్లో గోడ అద్దానికే అంటిస్తున్నాను.