తెగని గీత

నిన్న మా అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, "నాన్నా, గ్రాఫులో గీత మధ్యలో తెగిపోతోంది. లెక్క లేనిచోట సున్నాలు పెట్టేయనా?" అని అడిగింది. వద్దని గట్టిగా అరిచినట్టున్నాను, వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అరకు కొండల్లో ఓ చిన్న ఆఫీసులో పనిచేశాను. ఊరూరి మలేరియా జ్వరాల లెక్క కట్టి పైకి పంపడం నా పని. అప్పుడే ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. దానికి తొడిగిన ముసుగు నా చొక్కా కంటే శుభ్రంగా ఉండేది. పుస్తకం పక్కన పెట్టుకుని నాకు నేనే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. వారాలు ఓ వరస, జ్వరాలు ఓ వరస ఇచ్చి, 'ప్లాట్' అని ఒక్క లైను కొడితే తెర మీద గీత లేచేది. ఇంకో మాట చేరిస్తే దాని రంగు మారేది, మరో మాటకి లావయ్యేది, మరో మాటకి వారానికో చుక్క పడేది. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినంత శ్రద్ధగా చేసేవాణ్ణి. మా ఆఫీసరుగారు వెనక నిలబడి, "ఆకుపచ్చ పెట్టవోయ్, కంటికి చల్లగా ఉంటుంది" అనేవారు.

కొండమీది ఊరి లెక్క తెచ్చేది అక్కడి ఆరోగ్య కార్యకర్త. మేమంతా అక్కా అనేవాళ్లం. వారం వారం సంతకు దిగినప్పుడు, విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలో తడవకుండా దాచిన కాగితం తీసి ఇచ్చేది. ఓ వానాకాలం వరసగా నాలుగు సంతలు ఆమె రాలేదు. ఆ నాలుగు వారాల దగ్గర గీత తెగింది. తెలియనిది గీయనంది ప్రోగ్రాం, అంతే. ఆఫీసరుగారు మాత్రం "పళ్లూడిన నోరులా ఏమిటోయ్ ఇది?" అన్నారు. నేను నాలుగు సున్నాలు కొట్టాను. గీత అతుక్కుని అందంగా కిందికి దిగింది. ఆ ఊళ్లో జ్వరాలు తగ్గాయని అందరం సంతోషించి, మందుల్నీ దోమల మందు కొట్టేవాళ్లనీ అవతలి కొండకు పంపేశాం.

ఐదో సంతకు అక్క వట్టి చేతులతో వచ్చింది. గోడకి అంటించిన గ్రాఫు దగ్గర చాలాసేపు నిలబడి, "ఇదేటి బాబూ, మా ఊరి గీత నేల మీద పడిపోనాది?" అని అడిగింది. ఆ వారాల్లో కాగితం రాలేదు కదక్కా, జ్వరాలు లేవనుకున్నాం అన్నాను.

"సంతకి రావాలంటే మనిసి నెగిసి నిలబడాల కదా బాబూ. ఊరంతా మంచాన పడితే కాగితం ఎవులు తెత్తారు? మీరే మందులట్టుకుని వత్తారని సూసినాం. నా కూతురు, మా సిన్న గుంట, సూసి సూసి జొరంతోనే ఎలిపోనాది."

అంతే అంది. తిట్టి ఉంటే నాకు కాస్త తెరిపిగా ఉండేది. ఆ పూటే సున్నాలు తీసేశాను, గీత మళ్లీ తెగింది. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

ఖాళీని ఖాళీగానే వదిలెయ్యమని మా అమ్మాయికి చెప్పాను. గ్రాఫు అడుగున వారాలు ఒకదాని వెనక ఒకటి సాగిపోతూనే ఉంటాయి. ఇరవై ఏళ్లు దాటేశాను గానీ, ఆ నాలుగు వారాలు దాటలేకపోయాను.