మేం కనిపెట్టిన ఎర్రకోట

ఇప్పుడు పని ఎగ్గొట్టాలంటే జేబులోని ఫోను చాలు. మా కాలంలో అంత సుఖం లేదు. పని ఎగ్గొట్టడానికి కూడా బట్టలు మార్చుకుని, సైకిలెక్కి, నెట్ సెంటర్ దాకా రావాలి. రెండు వేల ఆరు, ఏడు ప్రాంతంలో ఖమ్మం బస్టాండు వెనక అలాంటి సెంటర్ ఒకటి నేను చూసుకునేవాణ్ణి. సివిల్ డిప్లొమా అయిపోయి, ఉద్యోగం ఇంకా రాని రోజులు. ఆరు కంప్యూటర్లలో నాలుగు పనిచేసేవి. ఆ నాలుగింట్లో కిటికీ పక్కది మా పెద్దమ్మ కొడుక్కి శాశ్వత నివాసం. అతన్ని మేమంతా చరిత్రన్న అనేవాళ్లం. కాకతీయుల కాలం నాటి చెరువుల మీద ఎం.ఫిల్. చేస్తున్నాడు. చేస్తున్నాడు అంటే, చేయవలసి ఉంది.

రోజూ పొద్దున తొమ్మిదికి టైపు చేయడానికి వచ్చేవాడు. ‘మూడో అధ్యాయం’ అని కొట్టి, దాన్ని మధ్యకు జరిపి, కింద గీత గీసేవాడు. ఆ తర్వాత కుర్చీలోనే ఉన్నా, మనిషి అక్కడ ఉండేవాడు కాదు. ఒకరోజు ఏదో దేశపు పాత రాతప్రతుల అంచుల్లో, కత్తి పట్టిన వీరుడు నత్తతో యుద్ధం చేసే బొమ్మలు దొరికాయి. “తమ్మీ, జల్దీ రా! గీ నత్తను చూడు, గెలిచేటట్టే ఉంది!” అని సెంటరంతా వినబడేలా పిలిచాడు. (ఎంసెట్ ఫలితం కోసం వచ్చిన తండ్రీకూతుళ్లు కూడా లేచొచ్చి చూశారు.) ఇంకోరోజు ఎక్కడో విదేశంలో ఉన్న ఒక రిటైరైన ఇంజనీరుతో చెరువు తూముల గురించి ఉత్తరాలు మొదలుపెట్టాడు. వచ్చీరాని ఇంగ్లిషులో ఈయన రెండు వాక్యాలు రాస్తే, ఆయన నాలుగు పేజీల జవాబిచ్చేవాడు. నేను ఊరుకోలేక గంటలవారీ పట్టిక ఒకటి వేసి మానిటరుకు అంటించాను. అన్న దాన్ని శ్రద్ధగా చదివి, “మస్తుంది తమ్మీ! అసలు గిట్ల గళ్లు గీసుడు ఎవరు మొదలుపెట్టిండ్రో?” అంటూ పట్టికల పుట్టుక గురించి వెతకడం మొదలుపెట్టాడు. ఆ పూటంతా దానికే పోయింది.

అలా ఉండగా గైడు గారు గడువు పెట్టారు. రాసినంతవరకు చదివి, “ఇదంతా ముందరోళ్లు రాసిందే గదా. నువ్వు కండ్లతోని చూసిన చెరువు ఒక్కటన్నా ఉందా?” అన్నారట. మార్చి నెలాఖరు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. పెద్దనాన్న ఇంకా స్పష్టంగా చెప్పాడు: “పుస్తకం ఇస్తె ఇయ్యి. లేకుంటే ఒకటో తారీఖు నుంచి ఎరువుల దుకాణంల కూసో.” యూరియా బస్తాల మధ్య కూర్చున్న చరిత్రన్నను ఊహించుకుంటే నాకే అన్నం సయించలేదు.

గడువు పద్దెనిమిది రోజులు ఉందనగా, అధ్యాయం రాయాల్సినవాడు శాటిలైట్ పటాలు తెరిచి కూర్చున్నాడు. బొమ్మ ముక్కముక్కగా దిగేది. అడవంతా మసక. పినపాక అవతల ఒక పట్టీ మాత్రం స్పష్టంగా వచ్చింది. అందులో, పచ్చదనం మధ్య, ఎర్రటి దీర్ఘచతురస్రం. “తమ్మీ,” అన్నాడు అన్న చాలా మెల్లగా, “గిది ఇటుక పునాది. కోట!” నేను స్కేలు పెట్టి తెర మీదే కొలిచాను. నాలుగు మూలలూ సరిగ్గా లంబకోణాలు. “ప్రకృతిలో ఇన్ని లంబకోణాలు ఉండవన్నా, ఇది మనిషి చేసిందే” అని ధ్రువీకరించాను. (అందులో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను.) కోట ఉంటే దాని పక్కన చెరువు ఉండి తీరాలని అన్న లెక్క. టేపు, దిక్సూచి, గొడుగు, తాడు, సున్నం పొడి... పద్నాలుగు వస్తువుల జాబితా రాసి, అన్నీ సర్దాను. మణుగూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో పోయి, చివరికి ఒక చెట్ల గుట్టెక్కి దిగేసరికి నోరెండిపోయింది. జాబితాలో నీళ్లు లేవు.

గుట్ట దిగగానే ముందు తుమ్ములొచ్చాయి. నాకు ఏడు, అన్నకు తొమ్మిది. కళ్లు తుడుచుకుని చూస్తే ఎదురుగా మన కోట: నేల మీద నాలుగు మూలలూ తీర్చి ఆరబోసిన ఎండు మిరపకాయలు. మిర్చి యార్డు ఘాటు పీలుస్తూ పెరిగిన ఖమ్మం వాళ్లం ఇద్దరం, మిరప కళ్లాన్ని పోల్చుకోలేకపోయాం! కోస్తా నుంచి వచ్చి అక్కడ సాగు చేసుకుంటున్న రైతు భార్య చెంబుతో నీళ్లిచ్చి, సంగతి విని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఏటా ఇక్కడే ఆరబోస్తాం. దీనికోసం ఖమ్మం నుంచి వచ్చారా బాబూ? అక్కడ యార్డులో మిరపకాయలు లేవా ఏంటి?”

నేనైతే తిరుగు బస్సు ఎన్నింటికో చూస్తున్నాను. అన్న చెంబు కింద పెట్టి, కాలితో నేలను తట్టి, “గింత సదును నేల, అడవిల ఎట్ల దొరికిందమ్మా?” అని అడిగాడు. అతనిలో నాకు ఇప్పటికీ అబ్బురమనిపించేది అదే. నవ్వులపాలైన నిమిషంలోనూ అతనికి తెలుసుకోవాలనే ఉంటుంది. కాయలు తిరగేస్తున్న కోయ తాత తలెత్తాడు. “చెరువు నేల గదా సారూ. మా తాతల నాడే కట్ట తెగిందంట. గా చెట్లున్నదే కట్ట. తూము రాళ్లు ఇంక గట్లనే ఉన్నయ్.” మేం ఎక్కి దిగిందే ఆ కట్ట. దాన్ని నా నోటుపుస్తకంలో ‘గుట్ట’ అని రాసుకున్నాను కూడా.

సాయంత్రం దాకా కొలిచాం. టేపు ఒక కొస తాత పట్టాడు. పొదల్లో తూము రాళ్లు రెండు నిటారుగా నిలబడి ఉన్నాయి. విదేశీ ఇంజనీరు గీసి పంపిన బొమ్మ తలుచుకుంటూ అన్న వాటి గాడిలో వేలు పెట్టి, “తలుపు గిట్ల దిగేది తమ్మీ” అని ఆ రాతిని వదలకుండా నిమిరాడు. ఖమ్మం వచ్చాక పదకొండు రోజులు కిటికీ పక్క నుంచి కదలకుండా రాశాడు. మిరప కళ్లాన్ని చూసి కోట అని భ్రమపడి ఆ చెరువు దగ్గరికి చేరుకున్నామని పేజీ అడుగున వివరణ కూడా రాశాడు. “తీసెయ్యన్నా, నవ్వుతారు. రిజిస్ట్రేషన్ పోతది” అని బతిమాలాను. “గట్లనే దొరికింది గదా తమ్మీ, ఇంకో తీరు ఎట్ల రాస్త?” అన్నాడు.

ఆఖరి రోజు గైడు గారు ఆ పేజీ దగ్గర ఆగి, కళ్లజోడు తీసి, కడుపుబ్బ నవ్వారట. నవ్వుతూనే సంతకం పెట్టారు. అన్న ఇప్పుడు పిల్లలకు చరిత్ర చెబుతున్నాడు. నేను రోడ్ల పనిలో ఉన్నాను. ఇన్నేళ్లలో నేనిచ్చిన రిపోర్టులన్నీ గడువుకు ముందే ఇచ్చాను, ఒక్క కొలతా తప్పలేదు. వాటిలో ఒక్కదాన్ని చదివి కూడా ఇంతవరకు ఎవరూ నవ్వలేదు.