నీలం తిరిగిన స్లైడు

1963లో నేను జంషెడ్‌పూర్‌లోని ఒక ఆస్పత్రి లేబరేటరీలో అటెండెంటుని. రక్తం పూసిన స్లైడుకి రంగు వేయడం నా పని. ఆ రంగుని లీష్‌మన్ స్టెయిన్ అంటారు. రంగు పోసి, నీళ్లు కలిపి, కాసేపు ఆగి కడిగితే స్లైడు లేత గులాబీగా తేలాలి. నీలంగా వస్తే రంగో నీళ్లో చెడ్డాయని లెక్క. తప్పు నాదే, ఆ స్లైడు పారేయడమే.

చర్చిలో పెద్దవాళ్ల బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకునేనాటికి నాకు నలభై దాటాయి. రాయడం వచ్చాక, చెడిన ప్రతి స్లైడునీ ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని: తేదీ, పేషెంటు పేరు, ఏ సీసాలో నీళ్లు వాడానో. టెక్నీషియన్ బాబు కేకలేస్తే జవాబు చెప్పుకోవాలి కదా.

ఆ ఆగస్టులో సూరయ్య మూడోసారి వచ్చాడు. పర్సుడీహ్‌లో ఉంటాడు, మా శ్రీకాకుళం వైపు మనిషే; అక్కా అనడానికి అప్పా అంటాడు. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఫౌండ్రీలో పని. నడుం నొప్పితో గోడ పట్టుకుని నడుస్తున్నాడు. అంతకుముందు రెండుసార్లూ రక్తం తక్కువని రాసి, ఇనుము మాత్రలిచ్చి పంపేశారు.

"ఏటి సూరయ్యా, తగ్గనేదా?"

"ఏటి తగ్గడమప్పా! కూకుంటే లెగలేకపోతన్నాను. మా మిస్త్రీ కామ్‌చోర్, పని దొంగ అంతన్నాడు. సోమారానికి ఆస్పత్రి కాయితం తేకపోతే పన్లోంచి తీసేత్తాడట. మా ఆడది కూడా నాటకాలంతాది."

అతని స్లైడుకి రంగు వేశాను. నీలం.

"ఫిర్ బిగాడ్ దియా, మేరీ?" అని కసిరాడు టెక్నీషియన్. మళ్లీ చెడగొట్టావా, పారెయ్యమని.

రాసుకుందామని నోటుబుక్కు తెరిచాను. జూన్‌లో సూరయ్య పేరు. జూలైలో సూరయ్య పేరు. నీళ్ల సీసాలు వేరు. ఆ రోజుల్లో ఇంకెవరి స్లైడూ చెడలేదు. ఆ రెండింటినీ చెత్తబుట్టలో వేసింది నేనే. వాటిని ఎవరూ మైక్రోస్కోపు కింద పెట్టి చూడనేలేదు.

నా వేలు పొడుచుకుని ఒక స్లైడు, అతని రక్తంతో ఇంకొకటి చేశాను. ఒకే రంగు, ఒకే నీళ్లు. నాది గులాబీ, అతనిది నీలం. టెక్నీషియన్‌కి చూపిస్తే, "అబ్ డాక్టర్ బన్ గయీ క్యా?" అని నవ్వాడు, ఇప్పుడు డాక్టరువైపోయావా అని. అడగకుండా అతన్ని దాటుకుని డాక్టరు గదిలోకి వెళ్లడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

డాక్టరు రెండు స్లైడ్లనీ కిటికీ వెలుగులో పట్టి చూశారు. చూస్తూనే కుర్చీలోంచి లేచారు. మైక్రోస్కోపు కింద సూరయ్య ఎర్రకణాలు రొట్టెల దొంతరల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. స్లైడు అంచుదాకా ఓపిగ్గా వెతికితే, ఎముకల మూలుగలో ఉండాల్సిన ప్లాస్మా కణాలు మూడు రక్తంలో దొరికాయి. నన్నూ పిలిచి చూపించారు. మూలుగలో పుట్టే ఈ కేన్సరు పేరు మైలోమా అనీ, అది రక్తంలోకి వదిలే ప్రోటీను వల్లే స్లైడు నీలం తిరిగిందనీ చెప్పారు. సూరయ్యని వార్డులో చేర్చుకుని, మర్నాడు రొమ్ము ఎముకలోంచి మూలుగ తీసి చూస్తే నిండా అవే కణాలు.

సోమవారం కాయితం మిస్త్రీకి అందింది. వార్డుకెళ్లి పెద్ద జబ్బని నేను చెప్పబోతే, సూరయ్య మంచం మీంచి అందరికీ వినబడేలా అరిచాడు: "అయితే నాను నాటకం ఆడనేదన్నమాట! మా ఆడదాన్ని పిలు అప్పా, దానికీ సెప్పు!"

ఆమె అప్పటికే గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

కలకత్తా నుంచి మాత్రలు తెప్పించారు. నడుముకి రేడియేషన్ ఇచ్చారు. జబ్బు పూర్తిగా పోలేదు గానీ, చలికాలం వెళ్లేసరికి సూరయ్య గోడ పట్టుకోకుండా నడిచి వచ్చాడు. ఫౌండ్రీలో కూర్చుని చేసే పని ఇచ్చారట. ఇంకో నాలుగేళ్లు బతికాడు.

అతను అలా నడిచి వచ్చిన రోజే, ముందు రెండు స్లైడ్లూ పారేసింది నేనేనని చెప్పేశాను.

"మూడోది పారెయ్యనేదు కదా, ఊరుకో అప్పా," అన్నాడు.

తప్పు నాదేనని ముందే ఒప్పేసుకోవడం అణకువ అనుకునేదాన్ని. ఆ అణకువ వల్ల ఒక మనిషి నొప్పి రెండు నెలలు ఎవరికీ కనబడలేదు. ఆ తర్వాత పని మానేసేదాకా, నీలంగా వచ్చిన ఏ స్లైడునీ రెండోది చేసి పక్కన పెట్టి చూడకుండా పారెయ్యలేదు.