పై కొక్కెం

కంచెకి ఎంతవుతుందని అడిగితే మేస్త్రి ఎప్పుడూ అంకె చెప్పేవాడు కాదు. "లోపలేముంది?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు.

ధర అడిగితే ఇంటి గుట్టు అడుగుతాడేమిటని కొందరు ముఖం చిట్లించేవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా పెరళ్ళకి కంచెలు కడుతున్న మనిషికి మాత్రం లెక్క అక్కడే మొదలవుతుంది. కోళ్ళైతే సన్న జాలీ, నడుమెత్తు చాలు. మేకలైతే ఎత్తు పెంచాలి. మేక ఎక్కలేనిదంటూ లేదు. గేదె దూకదు గానీ ఒళ్ళు రుద్దుకుంటుంది, కాబట్టి స్తంభాలు దగ్గరదగ్గరగా, లోతుగా పాతాలి. దొంగ భయమైతే అది వేరే బేరం. "కంచె ధర కంచెలో ఉండదండీ, లోపలున్నదాంట్లో ఉంటుంది" అనేవాడు మేస్త్రి.

"లోపలున్నదాని తెలివిలో ఉంటుంది" అని వెనకనుంచి సరిచేసేది అతని భార్య.

ఆమెని అందరూ టేపమ్మ అనేవాళ్ళు. పెళ్ళైన కొత్తలో మేస్త్రి కొలతలు ఒంటరిగానే తీసేవాడు. టేపు కొసని మేకుకి తగిలించి రెండో చివరిదాకా నడవడం, ఈలోగా మేకు ఊడిపోతే తిట్టుకుంటూ మళ్ళీ వెనక్కి రావడం. ఒకరోజు క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన కొత్త పెళ్ళాం ఆ తతంగమంతా కాసేపు చూసి, "మేకుకి కూలెంత ఇస్తున్నావు? అదేదో నాకియ్యి" అంది. ఆ రోజునుంచి టేపు కొస ఆమెది. అంకె రెండుసార్లు పైకి చదివేది. మేస్త్రి ఒక స్తంభం ఎక్కువ వేద్దామని చూస్తే ఇంటివాళ్ళ ముందే "దండగ" అనేది. ఆ ఒక్క మాటతో మేస్త్రి పోగొట్టుకున్న లాభం చాలా ఉంది. ఆ మాట నమ్మి వచ్చిన పనులు అంతకంటే ఎక్కువ. ఇంట్లో అతన్ని "ఏమయ్యా" అని పిలిచేది. పనిలో అందరిలాగే "మేస్త్రీ" అనేది.

గేటు దగ్గర ఇద్దరికీ పని. గేటు వేలాడేది స్తంభానికి బిగించిన రెండు ఇనప కొక్కేల మీద. పైనొకటి, కిందొకటి, రెండూ ముక్కు పైకెత్తి ఉంటాయి. గేటుకున్న కడియాలు వాటిమీదికి దిగుతాయి. ఒడుపు తెలిసినవాళ్ళు పైకెత్తితే గేటు మొత్తం ఊడి చేతికొస్తుంది. టేపమ్మకి ఆ ఒడుపు బాగా తెలుసు. కింది పట్టీకి మోకాలు ఆనించి, నడుముతో లేపేది. పశువుకి గేటు ఎత్తడం రాదు కనుక పశువుల కంచెకి ఆ అమరిక సరిపోతుంది. దొంగ భయమున్న ఇళ్ళలో మాత్రం పై కొక్కేన్ని ముక్కు కిందికి తిప్పి బిగించాలి. అప్పుడు గేటు ఎత్తడం ఎవరి అబ్బతరమూ కాదు. ఆ పని ఒక్కడివల్లా కాదు. ఒకరు గేటు బరువు మోస్తూ కదలకుండా నిలబడాలి, ఇంకొకరు కొక్కేన్ని కడియంలోకి దించి స్తంభం అవతల నట్టు బిగించాలి. మోసేది టేపమ్మ, బిగించేది మేస్త్రి.

మొదట తప్పింది అంకె. నలభై రెండు చదవాల్సిన చోట ఇరవై నాలుగు చదివింది, అదీ రెండుసార్లు, గట్టిగా. సగం కంచెకే జాలీ వచ్చింది. "కళ్ళు కనిపించకపోతే చెప్పేడువు" అని మేస్త్రి నలుగురిలో అరిచాడు. కళ్ళు బాగానే ఉన్నాయని కళ్ళజోళ్ళ షాపు నడిపే బావమరిది తేల్చాడు. మరి ఏది బాగాలేదో చెప్పడానికి ఒక కుర్ర డాక్టరు కావలసివచ్చాడు. ఇది తగ్గే జబ్బు కాదని, ఎంత నెమ్మదిగా పెరిగితే అంత అదృష్టమని అతను నేల చూస్తూ చెప్పాడు. బయటికొచ్చాక టేపమ్మ, "మంచి పిల్లాడే. పెరడెన్ని అడుగులంట?" అని అడిగింది.

రెండేళ్ళలో ఆమె ఒక్కొక్కటే వదిలేసింది. పక్కింటివాళ్ళని, నెలల పేర్లని, పొయ్యి ఆపడాన్ని. తర్వాత మొగుణ్ణి వదిలేసింది. "ఏమయ్యా" అన్న పిలుపు ఏ రోజు ఆగిపోయిందో మేస్త్రి గమనించలేదు. గమనించేసరికి చాలా రోజులైంది. మేస్త్రి మాత్రం ఆమెకి మిగిలాడు. పొద్దున లేవగానే, "మేస్త్రీ, ఇవాళ పనెక్కడ?" అని తయారయ్యేది. అతను వద్దని వెళ్ళిపోతే, వెనకే తనూ పనికి బయల్దేరేది.

వీధి తలుపుకి తాళం వెయ్యొచ్చు. వెనక తలుపుతోనే చిక్కు. కుళాయి, మరుగుదొడ్డి రెండూ పెరట్లోనే. గదిలో పెట్టి గడియ వేస్తే తలుపుకి తల బాదుకునేది. ఊరందరి పెరళ్ళకీ కంచెలు కట్టిన మనిషి పెరటికి కంచె లేదు. అవసరం ఎప్పుడూ రాలేదు, లోపలేమీ లేదు కనుక. పెరడు దాటి చిన్న వాలు దిగితే రైలు పట్టాలు.

రెండుసార్లు ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది ఆ లైనులో పనిచేసే గ్యాంగ్‌మన్. మొదటిసారి నవ్వుతూ వచ్చాడు. "పట్టాల మధ్య వంగి స్లీపర్లు లెక్కపెడుతోంది మేస్త్రీ. ఏంటమ్మా అంటే, 'రెండడుగులకొక స్తంభం పడుకోబెట్టారు, ఎవడయ్యా మీ మేస్త్రి' అని నన్ను కడిగేసింది." రెండోసారి నవ్వలేదు. "మూడోసారి నా డ్యూటీ ఉండకపోవచ్చు" అన్నాడు.

మేస్త్రి పనికి పోకపోతే ఇల్లు గడవదు. పోతే ఆమె పట్టాల మీద ఉంటుంది. ఇందులో ఆలోచించడానికేమీ లేదు గానీ, సలహాలకి మాత్రం చాలా చోటుంది. పక్కింటి రిటైరైన టీచరమ్మ, "ప్రేమగా చూసుకుంటే ఎక్కడికీ పోరు మేస్త్రీ" అంది. ప్రేమగా చూసుకునేవాడికి కూడా రెండు చేతులే ఉంటాయని, ఆ రెండూ పొద్దున్నే కూలికి పోవాలని ఆవిడ చదివిన పుస్తకాల్లో ఉన్నట్టు లేదు. బావమరిది మాత్రం కంచె మాట వినగానే షాపు మూసి మరీ వచ్చాడు.

"బావా, మా అక్క మనిషనుకున్నావా, గొడ్డనుకున్నావా?"

"గొడ్డైతే సగం ధరకే అయ్యేదిరా."

"హాస్యమా నీకు? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగుర్నీ తలో రోజు వచ్చి కూర్చోమను. నువ్వు వారానికి మూడు రోజులు తీసుకెళ్ళు. కంచె కట్టను."

బావమరిది గొంతు తగ్గింది. "మాది అద్దిల్లు కదా బావా. పైగా మేడ మీద. మెట్లు కూడా మంచివి కావు..." అని, టీ తాగి, అక్క తల నిమిరి వెళ్ళిపోయాడు. టేపమ్మ తమ్ముణ్ణి వాకిలిదాకా సాగనంపి, "రేపు వస్తాం, అడ్వాన్సు సిద్ధంగా ఉంచండి" అంది.

తొంభై రెండు అడుగులు. పాత పనుల్లో మిగిలిన స్తంభాలు పెరట్లో పడి ఉన్నాయి. జాలీకీ, గేటు ఇనుముకీ చేతి డబ్బు పెట్టాడు. ఆరడుగుల ఎత్తు, మూలలకి ఊతాలు, కింది అంచు జానెడు మట్టిలోకి. గేటు గడియ బయటి వైపు. ఇరవై ఏళ్ళ కిందట ఒక్క మధ్యాహ్నంలో ఇద్దరూ కలిసి ముగించే పనికి ఒంటరిగా నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆమెని గదిలోనే ఉంచాడు. కిటికీ చువ్వలు పట్టుకుని, "మేస్త్రీ, తలుపు తియ్యి, ఒక్కడివే కొలిస్తే తప్పుతావు" అని అరుస్తూనే ఉంది. మేస్త్రి టేపు కొసని మేకుకి తగిలించాడు. మేకు ఊడింది. మళ్ళీ తగిలించాడు.

ఈ ఒక్క కంచెలో ఆమె చెయ్యి పడకూడదని అతని పట్టు. ఎవరిని లోపల పెడుతున్నాడో వాళ్ళ చేతే కట్టించడం పాపమనుకున్నాడు. చూడ్డానికి గొప్పగా ఉండే ఇలాంటి పట్టుదలలకి ఖర్చు వేరే చోట తేలుతుంది. నాలుగో రోజు గేటు దగ్గర అతనికి పై కొక్కెం సంగతి తట్టకపోలేదు. తిప్పాలంటే ఇంకో మనిషి కావాలి. బావమరిదిని పిలవబుద్ధి కాలేదు. ఆమెని పిలవకూడదు. గేటు ఒక్కడే మోసి, పైకి లేచిన రెండు కొక్కేల మీదా దింపేశాడు. కడియాలు టంగుమని కూర్చున్నాయి. పశువుల కంచెకి అంతేగా అనుకున్నాడు.

మర్నాడు ఊరికి అవతల పని. ఆమెకి కాపలాగా ఇంట్లోనే ఉండిపోయిన మూడు వారాల తర్వాత మొదటి కూలి. మధ్యాహ్నం తిరిగొచ్చి పెరట్లోకి తొంగి చూశాడు. గేటు లేదు.

విరగలేదు, పడిపోలేదు. స్తంభానికి నిలువుగా ఆనించి ఉంది, మూల మట్టిలో దిగబడకుండా కింద ఒక ఇటుక ముక్క పెట్టి. గేటు దింపినప్పుడల్లా ఆమె ఇటుక పెట్టేది. పెట్టకపోతే రంగు పాడవుతుందని అతన్ని తిట్టేది.

వాలు దిగుతుండగానే గూడ్సు బండి ఆగి ఉండడం కనిపించింది.

టేపమ్మకి ఏమీ కాలేదు. కంకర మీద కూర్చుని, చీర కుచ్చిళ్ళకి అంటిన మట్టి దులుపుకుంటోంది. ఆమెని అవతలికి లాగిన గ్యాంగ్‌మన్‌ని నలుగురు మోసుకెళ్తున్నారు. ఆ రోజు కూడా అతని డ్యూటీయే. బండి మెట్టు తగిలి కుడి మోచెయ్యి నుజ్జయింది.

సాయంత్రం ఆమెని టీచరమ్మ దగ్గర కూర్చోబెట్టి మేస్త్రి ఆసుపత్రికి వెళ్ళాడు. ప్రాణానికి భయం లేదన్నారు, సుత్తి మాత్రం ఇక పట్టలేడన్నారు. సుత్తి పట్టని గ్యాంగ్‌మన్‌కి రైల్వేలో ఏ పని ఇస్తారో అక్కడెవరికీ తెలియదు. వరండా బెంచీ మీద అతని భార్య కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాడు; తిడితే బాగుండుననుకున్నాడు.

"కంచె కట్టావంటగా అన్నా?" అంది.

"కట్టానమ్మా."

"మరి?"

మేస్త్రి దగ్గర దానికి జవాబుంది. ఒక కొక్కెం, ఒక నట్టు, తిప్పితే చాలు. అది నోటితో చెప్పగలిగేది కాదు. లోపల మంచం మీద గ్యాంగ్‌మన్ కళ్ళు తెరిచి, "చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని ఏమందో తెలుసా మేస్త్రీ?" అన్నాడు. "'వదులు బాబూ, పనికి ఆలస్యమైతే మా మేస్త్రి ఊరుకోడు' అంది."

తెల్లారాక మేస్త్రి స్పానర్లు తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. పై కొక్కెం విప్పి, ముక్కు కిందికి తిప్పి పట్టుకున్నాడు. ఒక్కడే ప్రయత్నించాడు. గేటు ఒక కాలి మీద కుంటిదానిలా ఒరిగి రెండుసార్లు మీద పడింది. చిటికెన వేలు చితికింది. మూడోసారి ఎత్తలేదు. లోపలికెళ్ళి గది గడియ తీసి, "రా, పనుంది" అన్నాడు.

ఆమె ముఖం అలా వెలగడం చూసి చాలా కాలమైంది. కొంగు నడుముకి దోపుకుని వచ్చి, గేటుని పైకీ కిందికీ ఒకసారి చూసింది. ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మోకాలు కింది పట్టీకి ఆనించి, నడుముతో లేపి, కింది కడియాన్ని కొక్కెం మీద కూర్చోబెట్టి, గేటు బరువంతా తనమీద వేసుకుని నిలబడింది. నిన్న తిన్నదేమిటో గుర్తులేని మనిషి గేటుని నూలుపోగంత కూడా కదలనివ్వలేదు. మేస్త్రి స్తంభం అవతలికి, అంటే బయటికి, వెళ్ళాడు.

"కొంచెం ఇటు," అన్నాడు.

"ఇటు అంటే ఎటు? నీ ఇటా, నా ఇటా?"

"నీ ఇటు."

కొక్కెం కడియంలోకి దిగింది. నట్టు పట్టుకుంది. అతను స్పానరు తిప్పడం మొదలుపెట్టాడు.

"మేస్త్రీ," అంది ఆమె గేటు వెనకనుంచి, "లోపలేముంది?"

స్పానరు ఆగింది. ముప్పై ఏళ్ళుగా ఎదుటివాళ్ళని అడిగిన ప్రశ్న. అతని నోటికి అందింది చెప్పేశాడు. "కోళ్ళు."

"కోళ్ళకి పై కొక్కెం తిప్పుతావా?" ఆమె గొంతులో ఆ పాత కరుకుదనం. "దండగ. పాపం, తెలియనివాళ్ళని చూసి ఎందుకలా దోచుకుంటావు? కోడి గేటు ఎత్తుతుందా?"

"వాళ్ళే అడిగారే."

"అడిగితే మాత్రం? చెప్పాలి మనం."

మేస్త్రి మళ్ళీ స్పానరు తిప్పాడు. నట్టు బిగిసింది. బిగిసిన తర్వాత ఇంకో అర చుట్టు తిప్పాడు. నట్టు వెనక్కి రాకుండా మర కొస మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. చితికిన వేలినుంచి రక్తం స్పానరు పిడి మీదికి కారింది. "వదిలెయ్" అన్నాడు.

ఆమె చేతులు దులుపుకుని, అలవాటు ప్రకారం గేటుని ఒకసారి పైకి లాగి చూసింది. కదల్లేదు. ఇంకోసారి, మోకాలు ఆనించి లాగింది. కదల్లేదు. తృప్తిగా తలాడించింది.

"గట్టిగా కుదిరింది. ఇంక గడియ తియ్యి మేస్త్రీ, నేను లోపలుండిపోయాను. ఇంటికి పోదాం."

"ఉండు, సామాను సర్దుకోనీ" అన్నాడు మేస్త్రి. కింద పడున్నవి రెండు స్పానర్లు, ఒక సుత్తి. వంగి, ఒక్కొక్కటే తీసి, తుడిచి, సంచీలో వేయడం మొదలుపెట్టాడు.