నాలుగో అంతస్తు కిటికీ తెరుచుకోదు

ఫినాయిల్ వాసన ఒక్కటే మారలేదు. ఈ హిందీ ఊళ్ళో, సీతారాండేరాలోని మా ఇంటి నుంచి ఆటోలో తెచ్చిన చోడి (రాగి) అంబలి డబ్బా ఒళ్ళో పెట్టుకుని, దాన్ని అమ్మ దగ్గరికి తీసుకెళ్ళే అనుమతి కోసం ఈ కొత్త ఆసుపత్రి హాల్లో కూర్చోవడం ఇది మూడో రోజు. అమ్మకు నెమ్ము చేసింది, నాలుగో అంతస్తులో ఉంది. మందులు పనిచేస్తున్నాయి, తిండే దిగడం లేదు. ఏది తాగితే అది పట్టమన్నది డాక్టరే.

ఈ వాసన తగిలితే నేను తొమ్మిదేళ్ళవాణ్ణయిపోతాను. కార్ఖానాలో కాలు కాలిన నాన్న అప్పుడు ఇక్కడే, పాత ఆసుపత్రిలో, చలికాలమంతా పడుకున్నాడు. పెంకుల కప్పు, పొడుగాటి వరండా, మంచానికొక ఊచల్లేని కిటికీ. పొద్దుటెండ మొదటి మంచం దగ్గర మొదలై మధ్యాహ్నానికి ఆఖరి మంచం చేరేది. దాని వెనకే గోలీలు పట్టుకుని మేం పిల్లలమూ జరిగేవాళ్ళం, కమలాతొక్కల వాసనా, ఆరేసిన దుప్పట్ల వాసనా మా మీదుగా పోతుండగా. షిఫ్టు దిగిన నాన్న స్నేహితులు నూనె మరకల చొక్కాలతోనే వచ్చి, పక్క మంచాలవాళ్ళనీ పలకరించి పోయేవాళ్ళు. నర్సమ్మ బల్ల దగ్గరికి పన్నెండు మంచాలూ కనిపించేవి. సెలైన్ అయిపోతే ఆమె చూసేలోపే వరండాలో ఎవరో కేకేసేవారు.

నాన్న ఆసుపత్రి రొట్టె ముట్టేవాడు కాదు. అమ్మ కిటికీ గట్టు మీద కూర్చుని అంబలి గ్లాసు అందించేది.

"ఏటలా సూత్తావు, తాగీ."

"ఉప్పెయ్యడం మర్సిపోనావేటే?"

"నువ్వు లేసి నాలుగడుగులెయ్యి, అప్పుడేత్తాను ఉప్పు."

పక్క మంచం ఒడియా ముసలాయన అర్థంకాకపోయినా నవ్వేవాడు. నాన్న గ్లాసు ఖాళీ చేసేవాడు.

గట్టెక్కి లోపలికి దూకబోతే నా చెవి మెలిపెట్టిన వార్డుబాయిని ఇప్పటికీ క్షమించలేదు. అయినా ఒప్పుకోవాలి, అతను కిటికీ మూయలేదు.

ఇక్కడి డాక్టర్ల మీద నాకు ఫిర్యాదు లేదు. యంత్రాలూ మంచివే. కట్టినవాళ్ళూ వైద్యం చేసేవాళ్ళూ ఒక్కసారైనా కూర్చుని మాట్లాడుకోలేదు, నా ఒళ్ళు మండేది అందుకు. హాల్లో ఫౌంటెన్ ఉంది, లిఫ్టు దగ్గర బెంచీ లేదు. నర్సులు గోడవతల. నిన్న ఎక్స్‌రే తీసిన సమయం కంటే, అమ్మ చక్రాల కుర్చీలో లిఫ్టు కోసం వణుకుతూ ఎదురుచూసిన సమయమే ఎక్కువ. మొన్న ఫిర్యాదు రాసిస్తే, కౌంటర్ అమ్మాయి చదవకుండానే "థాంక్యూ అంకుల్" అని పెట్టెలో వేసింది. నిన్న ఇంకోటి రాశాను. ఇవాళ్టిది జేబులో ఉంది.

ఆగలేక లిఫ్టు వైపు నడిచాను. గార్డు అడ్డొచ్చాడు.

"బాహర్ కా ఖానా మనా హై."

బయటి తిండి తేకూడదట. బ్యాడ్జి మీద పేరు చూస్తే మన తెలుగువాడే.

"బయటిది కాదురా బాబూ, ఇంట్లో కాసింది. డాక్టరే పట్టమన్నాడు."

"రూల్ హై, అంకుల్."

తెలుగు అర్థమైంది, జవాబు మాత్రం తెలుగులో రాలేదు. ఆ పేరు కూడా గుర్తుపెట్టుకున్నాను.

బయటికొచ్చి పార్కింగ్‌లో నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. పాత వరండా ఉన్నది సరిగ్గా ఇక్కడే.

"ఎక్కడున్నావురా?"

"కిందే ఉన్నానమ్మా. కిటికీలోంచి సూడు, సెయ్యి ఊపుతున్నాను."

"కనపడవేటిరా? ఆకాశమే కనిపిత్తంది."

తలెత్తి చూశాను. అన్ని కిటికీ అద్దాల్లోనూ ఆకాశమే ఉంది.

"అంబలి తెచ్చినావా?" అంది అమ్మ.

తెచ్చాను. డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది.