ఒకే పళ్లెంలో సొరకాయ నూడుల్స్

ఆ సాయంత్రం మా ఆయన లుంగీల దుకాణం మూసి, ఒక కాలికే చెప్పుతో ఇంటికి వచ్చారు. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆయనకే తెలియదు. గుమ్మం నుంచి మంచం దాకా రక్తపు మరకలు. చూస్తే బొటనవేలి కింద గాజుపెంకు దిగి ఉంది. "నొప్పే లేదు, ఎందుకు లొల్లి జేస్తున్నవ్?" అని నవ్వారు. నొప్పి లేదన్న మాటకే భయపడి, మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లాను.

మాది హైదరాబాద్ పాతబస్తీలో, అరబ్బు మూలాల వాళ్లు ఎక్కువగా ఉండే బార్కస్. నేను మహబూబ్‌నగర్‌లో తెలుగు మీడియం చదువుకుని ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. ఇంట్లో మా ఆయన, నేను, కూతురు, అత్తగారు. ఆవిడని అందరం అమ్మీ అనే పిలుస్తాం.

రక్తపరీక్షలో షుగర్ బయటపడింది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బిఎ1సి రిపోర్టు చూసి డాక్టర్ గారు, "ఇది నిన్న మొన్నటిది కాదమ్మా" అన్నారు. తర్వాత ఈయన్ని కళ్లు మూసుకోమని, తగిలినప్పుడల్లా చెప్పమని, సన్నటి నైలాన్ దారంతో పాదం మీద అక్కడక్కడా తాకారు. ఈయన బుద్ధిగా కళ్లు మూసుకుని, "ఇగ షురూ చెయ్యండి సాబ్" అన్నారు. అప్పటికి పరీక్ష సగం అయిపోయింది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

దాని పేరు డయాబెటిక్ న్యూరోపతి, అంటే షుగర్ వల్ల నరాలు మొద్దుబారడం. మాత్రలు, ఇన్సులిన్, రోజూ డ్రెస్సింగ్. అన్నం, మైదా తగ్గించాలి. గాయం మానేదాకా రోజా ఉపవాసాలు వద్దు.

మా ఇళ్లలో నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి, పెద్ద పళ్లెం మధ్యలో పెట్టి, చుట్టూ కూర్చుని అందరం అందులోంచే తింటాం. డాక్టర్ చెప్పారు కదా అని నేను ఈయనకి వేరే ప్లేటు పెట్టాను. ఈయన దాన్ని పక్కకి జరిపారు. "పరాయోణ్ణా నేను? కొంచెమే తింటా, ఫికర్ చెయ్యకు" అని మళ్లీ పళ్లెం దగ్గరికే వచ్చారు. నాకూ కాదనబుద్ధి కాలేదు.

ఇంతలో రంజాన్ వచ్చింది. ఇఫ్తార్‌కి మా ఇంట్లో క్రీము, మయోనీస్ కలిపిన చల్లటి పాస్తా ఉండి తీరాలి. అదీ ఒకే పళ్లెంలో, తలా ఒక చెంచాతో. ఈయన నాలుగు చెంచాలు తిన్నట్టే కనిపించేది. కానీ షుగర్ దిగలేదు. ఇన్సులిన్ పెంచినా దిగలేదు. గాయం అంచు నల్లబడింది. డాక్టర్ గారు ఈసారి కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇట్లాగే ఉంటే వేలు తీసేయాల్సి రావొచ్చు" అన్నారు. దుకాణంలో దొంగచాటుగా ఏదో తింటున్నారని నాకు ఒళ్లు మండింది. "అమ్మీ మీద ఒట్టు, చాయ్ గూడ తాగుతలే, ఇంట్ల గూడ కొంచెమే తింటున్న" అన్నారు పాపం. అప్పుడు డాక్టర్ గారు, "కొంచెం అంటే ఎన్ని కప్పులు?" అని అడిగారు. కలిసి తినే పళ్లెంలో కప్పులెవరు చూస్తారు?

ఆ రోజు ఇఫ్తార్‌లో తినడం మానేసి అందరి చేతులూ గమనించాను. అమ్మీ తన వైపున్న పాస్తాని చెంచాతో కొడుకు వైపు తోసింది. కూతురు కూడా, "అబ్బాజాన్, తినండి" అంటూ తోసింది. మా దగ్గర అది మామూలే, ప్రేమున్న వాళ్ల వైపు తోస్తాం. ఈయన ముందున్న కుప్ప తరుగుతుంటే నిండుతూనే ఉంది. జబ్బు మనిషి కదా అని ఈమధ్య ఇంకాస్త ఎక్కువే తోస్తున్నాం.

వద్దని చెబితే అమ్మీ నొచ్చుకుంది. "నా బేటాకు నేను పెట్టద్దా?" అంది. నిజమే, ఆ చేతిని ఎలా ఆపను? అందుకని తోసేదాన్నే మార్చాలనుకున్నాను. బేగంబజార్ వెళ్లి, కూరగాయల్ని దారాల్లా తీసే పీలర్ తెచ్చాను. లేత సొరకాయ, కీర, క్యారెట్ నూడుల్స్‌లా తీసి, ఉప్పు, పెరుగు కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం మగ్రిబ్ అజాన్ వేళకి పళ్లెమంతా నీళ్లే. "ఏంది బేటీ ఇది, మేకలకు కుడితి పెట్టినవా?" అంది అమ్మీ. ఈయన నవ్వలేదు. పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. ఆ నవ్వని మొహం చూసి నాకు చాలా భయమేసింది.

మర్నాడు సొరకాయని మరిగే నీళ్లలో ఇలా వేసి అలా తీసి చల్లార్చాను. కీరకి గింజలు తీసి, ఉప్పు పట్టించి, గుడ్డలో గట్టిగా పిండాను. పెరుగుని మూటకట్టి వేలాడదీశాను. నిమ్మరసం, పుదీనా, పచ్చిమిర్చి, వేయించిన పల్లీలు, ఉడికించిన చికెన్ పోగులు అన్నీ సరిగ్గా తినే ముందే కలిపాను. అమ్మీ ఒక చెంచా తింది. రెండో చెంచా కొడుకు వైపు తోసింది. "తిను బేటా, సల్లగ మంచిగుంది" అంది.

కూరగాయలే నయం చేశాయని నేను అనను. ఇన్సులిన్, డ్రెస్సింగ్ వాటి పని అవి చేశాయి. తిండి మారాక ఒకసారి షుగర్ మరీ పడిపోయి చెమటలు పట్టాయి, డాక్టర్ గారు డోసు తగ్గించారు. బక్రీద్ దాటేసరికి గాయం మూసుకుంది. వేలు నిలిచింది. స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు రోజూ దుకాణం నుంచి రాగానే కాళ్లు నా ఒళ్లో పెడతారు. అరికాళ్లు నేను చూస్తాను.

నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టర్‌కి ఏం తింటారో చెప్పినప్పుడు, ఎలా కూర్చుని, ఎవరితో, ఎందులో తింటారో కూడా చెప్పండి.

అమ్మీ ఇప్పటికీ తన వాటా సొరకాయ నూడుల్స్ కొడుకు వైపు తోస్తూనే ఉంది. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాను.